అసిరయ్య పడవలో పాత తేదీ

"ఒక్క మెసేజ్ వెళ్తే ఆనంద్ బతుకుతాడు," అన్నాడు చీఫ్ దుర్గాప్రసాద్. "అది వెళ్లడం లేదు."

కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ. కింద గింజలు వేగుతున్న కమ్మటి వాసన, మేడ మీద రహస్య సర్వర్. పప్పు ఏరే అమ్మాయి వేషంలో ఉన్న ఏజెంట్ నీలవేణి జేబులో వేడి వేడి జీడిపప్పు. ఆనంద్ ఆమెకు సాటి ఏజెంటే కాదు, పెళ్లయి నెల తిరగని మొగుడు కూడా. విదేశీ ముఠా గుట్టంతా తీసుకుని జాలరి అసిరయ్య పడవలో వస్తున్నాడు. దిగాల్సిన భావనపాడులో ముఠా తుపాకులతో కాచుకుంది. మంచినీళ్లపేటకు మళ్లమని చెప్పాలి. ఫోన్‌లో చెబితే ముఠా వింటుంది. పడవలో ఐస్ పెట్టె అడుగున దాచిన రిసీవర్ డబ్బాకు ఎన్‌క్రిప్ట్ చేసే పంపాలి.

చీఫ్ పక్కన నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు: కన్సల్టెంట్ లక్ష్మీప్రియ. ఎన్‌క్రిప్షన్ తీసేసి పంపెయ్యమని ఆమె సలహా. సర్వర్ రీస్టార్ట్ చెయ్యమని చీఫ్ సలహా. ఫ్యాన్ తిరక్కపోయినా ఆయన అదే చెబుతాడు.

అది అసింక్రనస్ సర్వర్. ఏ పడవ కోసమూ ఆగి కూర్చోదు. ఒకటి బదులిచ్చేలోపు ఇంకోదాన్ని పలకరిస్తుంది. అలాంటి చోట ఒక కనెక్షన్ తెగితే, ఎందుకని అడిగేలా కోడ్ రాయాలి. లేకపోతే ఎర్రర్ కిక్కురుమనకుండా పోతుంది. రాసినవాడు అడగలేదు. రాసినవాడు చీఫ్ బావమరిది.

నీలవేణి డీబగ్ లాగ్ ఆన్ చేసి అసిరయ్య కనెక్షన్ ఒక్కటే వేరుచేసి చూసింది. హ్యాండ్‌షేక్, అంటే సర్వర్‌కూ డబ్బాకూ పరిచయం, మొదలవుతోంది. సర్వర్ తన గుర్తింపు సర్టిఫికెట్ చూపిస్తోంది. ఇది ఇంకా అమల్లోకి రాలేదని డబ్బా తిప్పికొడుతోంది. సర్టిఫికెట్ నిరుడే తీసుకున్నారు. అంటే డబ్బా గడియారం అంతకన్నా వెనకబడింది.

ఆమె మామూలు ఫోనే తీసింది.

"మావా, నీ పడవలో గడియారం ఏ తేదీ సూపిత్తంది?"

"రెండేల ఇరవై, జనవరి ఒకటమ్మా. నిన్న గంగమ్మ పూజకి పడవంతా కడిగినాం గదా, బేటరీ ఇప్పీసినాం." అసిరయ్య నవ్వాడు. "ఈ లెక్కన నీకింకా పెళ్లే కానేదు."

"అదే నా బాధ మావా. బేగి సరిజెయ్యి."

ముఠా విన్నది అంతే, మావా కోడళ్ల వేళాకోళం.

భావనపాడు ఒడ్డు కనిపిస్తుండగా హ్యాండ్‌షేక్ పూర్తయింది. మెసేజ్ దాటింది. స్క్రీన్ మీద పడవ చుక్క మలుపు తిరిగింది.

అప్పుడు నీలవేణి వినయంగా వెనక్కి తిరిగింది. "మీరన్నట్టే ఎన్‌క్రిప్షన్ లేకుండా కూడా ఒకటి పంపుతున్నాను మేడమ్," అని 'బారువలో దిగు' అని కొట్టింది. డబ్బా దాన్ని ముట్టుకోదు. అది ఎన్‌క్రిప్ట్ చెయ్యని ముక్క తీసుకోదు.

కాసేపటికి కబురొచ్చింది. ముఠా రెండు జీపుల్లో బారువకు పరుగెత్తింది, మందస దగ్గర నీలవేణి ముందే కాపు పెట్టించిన పోలీసులకు దొరికింది. ఏ చానల్ వినాలో ముఠాకు చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ముగ్గురే. ఒకరు ఆనంద్ పెళ్లాం. ఇంకొకరికి చానల్ అంటే టీవీ. మిగిలింది సెంటు.

బేడీలు పడుతుంటే లక్ష్మీప్రియ కళ్లద్దాలు జారాయి. వాటి వెనక కళ్లు చాలా మామూలువి.

మంచినీళ్లపేట ఇసకలో కాలు పెట్టగానే ఆనంద్ దేశం సంగతి అడగలేదు. ఒడ్డున ఎదురొచ్చిన నీలవేణి జేబులో చెయ్యి పెట్టాడు. పప్పు ఇంకా వెచ్చగానే ఉంది.

సాయంత్రం చీఫ్ ఢిల్లీకి రిపోర్టు పంపాడు: "సర్వర్ రీస్టార్ట్ చేశాం. బాగైంది."