మారని అంకె

"షుక్రీ, పదకొండున్నర లోపు ఆ బాంబు ఏ గోడలో ఉందో చెప్పు. పన్నెండుకి మంత్రులు హాల్లో కూర్చుంటారు," అన్నాడు కర్నల్ బహ్గత్ ఫోన్లో.

"మీటింగ్ ఆపెయ్యండి సర్."

"నీళ్ళ ఒప్పందం ఆగాలనేగా వాళ్ళ ఏడుపు! రెండుసార్లు ఆపాం, ఇక ఆగదు. కుక్కలు కూడా పసిగట్టలేకపోయాయి. ఎనభై గోడలు పగలగొట్టే టైము లేదయ్యా!"

ఏజెంట్ షుక్రీ మూడు వారాలుగా కైరోలోని ఒక డిజైన్ ఆఫీసులో నక్షాలు సరిచూసే ఉద్యోగి వేషంలో ఉన్నాడు. అంటించుకున్న మీసం చెమటకి ఊడుతోంది. హాలు కట్టిన విదేశీ కంపెనీ పంపిన ఫైలు తెరిస్తే, తలుపు వెడల్పు ముప్పై అయిదు మిల్లీమీటర్లని చూపింది. పిల్లి కూడా దూరదు.

"వెధవలు! అంగుళాల్లో గీసి పంపారు," అని పళ్ళు నూరాడు.

పక్క సీట్లో నెవీన్ నవ్వింది. అందగత్తె, ఆర్కిటెక్టు. బాంబు పెట్టిన ముఠాలో ఉంటూ, దాని రహస్యాలు బహ్గత్‌కు చేరవేస్తున్నదీ ఆమే. "ఎందుకు పాషా ఈ కుస్తీ?" కైరోలో పాషా అంటే మన దొరగారు అన్నట్టు. " నిన్న నేనే సరిచూశాను. సంతకం పెట్టేసి రండి, కొషరీ తిందాం."

"మీరు తినండి మేడమ్."

ఉన్నదున్నట్టు ఒక ప్రింటు తీసుకుని, అంగుళాలు మిల్లీమీటర్లయ్యేలా నక్షా మొత్తాన్ని ఇరవై అయిదున్నర రెట్లకు కాస్త తక్కువగా పెంచాడు. కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ బిగుసుకుంది. మూడోసారికి తలుపు దాదాపు తొమ్మిది వందలైంది. మెట్లు, కిటికీలు, గదులు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏ తప్పూ లేదు! షుక్రీ బల్ల మీద గుద్దాడు. పదకొండూ ఇరవై.

కసి కొద్దీ పాత ప్రింటును తెర పక్కన పెట్టి ఒక్కొక్క అంకే పోల్చాడు. ఒక గోడ మందం దగ్గర ఆగాడు. అక్కడ రెండు వందలు. ఇక్కడా రెండు వందలే.

నక్షాను పెంచితే గీతతో పాటు కొలత కూడా దానంతట అదే పెరగాలి. పెరగలేదంటే ఎవరో అసలు కొలతను చెరిపి, చేత్తో టైపు చేశారు. ఆ గోడను స్వయంగా కొలిచాడు. ఆరు వందల నలభై!

"ఫోన్ ముట్టుకోకండి పాషా." నెవీన్ చేతిలో చిన్న పిస్తోలు.

షుక్రీ జేబులోని పెన్ను మీట నొక్కాడు. "వేదిక వెనక గోడ. లోపల నలభై నాలుగు సెంటీమీటర్ల డొల్ల. అంతేనా మేడమ్?"

"అంతే. తెలిసి ఏం లాభం?"

పెన్నులోని మైకు ఆ మాట బహ్గత్‌కు చేరవేసింది. నిమిషంలో అతని మనుషులు ఆఫీసు తలుపు బద్దలుకొట్టారు. హాల్లో గోడ పగలగొట్టి బాంబు తీగ తెంచేసరికి పన్నెండు కావస్తోంది, దాని గడియారంలో పదకొండు సెకన్లు మిగిలాయి.

సంకెళ్ళతో వెళుతున్న నెవీన్‌ను షుక్రీ అడిగాడు. "మాకు చూపించడానికి పల్చటి గోడతో ఇంకో నక్షా గీస్తే దొరికేదానివి కాదు కదా?"

"గీయాలంటే గంట పాషా. అంకె కొట్టడానికి క్షణం. ఊళ్ళో అందరూ చేసే పనేగా!"

"ఆ నేరానికి అందరినీ పట్టుకుంటే జైళ్ళు చాలవు," అన్నాడు అప్పుడే అక్కడికి వచ్చిన బహ్గత్.

"వద్దు సర్," అన్నాడు షుక్రీ నీరసంగా మీసం పీకేసుకుంటూ. "కొత్త జైళ్ళు కడతారు. ఆ నక్షాలూ నా బల్ల మీదికే వస్తాయి."