నకలు లేని అచ్చు

"అరచేతిలో పట్టే సిలికాన్ పలక. పగిలితే నాలుగేళ్ల పని గంగపాలే. విదేశీ ముఠా కంటే ముందు నువ్వే ల్యాబ్ నుంచి ఎత్తుకురావాలి," అన్నాడు డోసిక్.

కొరియాలోని దేజోన్ నగరంలో రహస్య విభాగానికి అతనే పెద్ద. ఏజెంట్ గిల్‌హున్‌కి పని నేర్పింది, పెళ్లిలో తండ్రి స్థానంలో నిలబడింది కూడా అతనే.

"ప్రొఫెసర్‌కి చెప్పొద్దా సార్?"

"వద్దురా. లోపల ఎవరు అమ్ముడుపోయారో! రెండున్నరకి బూసాన్ రైలు. ప్లాట్‌ఫారం మీద నా చేతికివ్వు."

పదకొండింటికి గిల్‌హున్ మైక్రోస్కోపులు బాగుచేసేవాడి వేషంలో ల్యాబ్‌లో ఉన్నాడు. ప్రొఫెసర్ తక్ కాఫీ కలిపిచ్చి, అడక్కుండానే ఆ సిలికాన్ పలకని, అంటే చిప్‌ల అచ్చుని, చూపించింది. దాని మీద వెంట్రుక కంటే సన్నని గీతలు. మెత్తని సిలికోన్ రబ్బరు పోసి తీస్తే చిప్ తయారు. అందులో ఒక పక్క నాడీకణాలు పెంచితే, వాటి తంతువులు ఆ గీతల వల్ల పడ్డ గాడుల గుండా రెండో పక్కకు పాకుతాయి.

"కణం జోలికి పోకుండా తంతువునే తెంపుతాం. ఏ మందుకి మళ్లీ పెరుగుతుందో చూస్తాం. వెన్ను విరిగి మంచాన పడ్డవాళ్లు రోజూ ఫోన్ చేస్తారు నాయనా!"

అంతలోనే ఫోన్ మోగింది. ఆమె అటు తిరిగేసరికి అచ్చు అతని సంచి అడుగున ఉన్న దొంగ అరలోకి చేరిపోయింది.

స్టేషన్‌లో ఎర్రకోటు అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది.

"గొడుగు తెచ్చావా?"

"వాన వెలిసిందిగా." సంకేతం సరిపోయింది.

యోన్‌బి. ముఠాలో నమ్మకంగా తిరుగుతూ వాళ్ల గుట్టు విభాగానికి చేరవేసే ఏజెంట్.

"అచ్చుని ముఠాకి అమ్మేవాడూ ఈ రైలుకే వస్తున్నాడట. వాడి నంబరు ఇప్పుడే దొరికింది. మోగిస్తా, చెవులు అప్పగించు."

అప్పటికే డోసిక్ ఎదురొచ్చి చెయ్యి చాపాడు. అతని ఫోన్ రెండో చేతిలో ఉంది. మోగింది మాత్రం అతని కోటు లోపల, ఇంకో ఫోన్.

ఫోన్ మోగుతూనే ఉంది.

"నన్నే ఎందుకు పంపారు సార్?" అడిగాడు గిల్‌హున్, సంచి వెనక్కి జరుపుతూ.

"ఇంకెవరైనా అయితే ప్రశ్నలు అడిగేవాళ్లు."

సంచి లాక్కుని డోసిక్ రైల్లోకి దూకాడు. మూసుకుంటున్న తలుపుల మధ్య గిల్‌హున్ కుడి మోచెయ్యి పెట్టేశాడు. ఎముక కలుక్కుమంది. తలుపులు తిరిగి తెరుచుకున్నాయి. యోన్‌బి డోసిక్ కాలర్ పట్టి బయటికీడ్చి బేడీలు వేసింది. గిల్‌హున్ సంచిని గుండెకి హత్తుకున్నాడు.

గిల్‌హున్ తిరిగిచ్చిన అచ్చుని తక్ లెన్స్ కింద పెట్టి గీత గీతా చూసుకుంది. పగల్లేదు. "కాఫీ కలిపిచ్చాను నీకు," అని మాత్రం అని తలుపేసుకుంది.

సాయంత్రం ఎడంచేత్తో రిపోర్టు రాస్తూ 'పై అధికారి సంతకం' అన్న గడి దగ్గర అతను ఆగిపోయాడు.

"ఖాళీగా వదిలెయ్," అంది యోన్‌బి. "ఈ ఆఫీసులో నమ్మదగ్గది ఇప్పుడు ఆ గడి ఒక్కటే."