విప్పని ప్లగ్గు

మారెన్న తల పగిలి ఉంది. ఒకటి కాదు, నాలుగు దెబ్బలు.

ఉదయం ఏడు నలభై. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పోయే దారి పక్కన, కాలువ గట్టు మీద శవం. మూడడుగుల దూరంలో స్టాండు వేసిన అతని బైకు. తాళంచెవి బండికే ఉంది. హ్యాండిల్ ఎవరో శుభ్రంగా తుడిచారు.

ఎస్.ఐ. ఎలిజబెత్ జీపు దిగేసరికి గట్టు కింద ఇంకో చావు జరగబోతోంది. మారెన్న తమ్ముళ్లు ముగ్గురూ అతని బావమరిది సాయిని నేల మీద పడేసి తంతున్నారు. సాయి కన్ను ఒకటి మూసుకుపోయింది. నోటి నిండా రక్తం.

ఎలిజబెత్ లాఠీ ఒకడి వీపు మీద పడింది.

"మా యన్నను చంపింది వీడే మేడమ్! నిన్న అందరి ముందరా అన్యాడు!"

"ఏమన్నాడు?"

జవాబిచ్చింది మారెన్న భార్య ఈరమ్మ. సాయికి సొంత అక్క.

"సాక్షి చెప్పనీకి పోతే నేనే నరుకుతా బావా అన్యాడు. నా చెవులతో ఇన్యా. వీన్ని వదలొద్దు మేడమ్."

ఆ రోజు పదిన్నరకు నంద్యాల కోర్టులో ఒక హత్య కేసులో మారెన్న సాక్ష్యం చెప్పాలి.

"నిజమేనా సాయీ?"

"బెదిరిస్తేనన్నా ఆగుతాడని అన్యా మేడమ్. ముద్దాయి తరపోళ్లు బావను బతకనియ్యరని భయమాయ."

"నాటకం చూడు నా కొడుకుది!"

రాయి వచ్చి సాయి భుజానికి తగిలింది. జనం పెరుగుతున్నారు. కానిస్టేబుల్ రామయ్య అడ్డం నిలబడ్డాడు.

"జీపెక్కించినా దావలో లాగి చంపుతారు మేడమ్. ఈడనే ఏదో ఒకటి తేలాల."

ఎలిజబెత్ బైకు వైపు చూసింది. తాళంచెవి ఉండీ హంతకుడు బండి ఎందుకు వదిలేశాడు? సెల్ఫ్ నొక్కింది. టక్ టక్. బ్యాటరీ దిగిపోయింది.

"మెకానిక్‌ను పిలువు."

ఎనిమిదిన్నరకు దగ్గర్లోని షెడ్డు నుంచి నాగార్జున వచ్చాడు. ఇరవై ఏళ్ల అనుభవం. ఉతికిన చొక్కా. నాలుగు కిక్కులు కొట్టాడు.

"స్పార్క్ రాల్యా మేడమ్. సీడీఐ పోయుంటాది. అదే ప్లగ్గుకు కరెంటు పంపే డబ్బీ. షెడ్డుకు తోలాల."

నేల మీద నుంచి సాయి గొణిగాడు.

"డబ్బీ కాదు. దొంగ స్విచ్చి."

"ఏందది?"

"బండ్లు పోతాండాయని మొన్న నేనే పెట్టినా, సీటు కింద. దాన్ని ఆపితే సెల్ఫ్ తిరుగుతాది గానీ స్పార్క్ రాదు. ఒంటేలుకు దిగినా బావ దాన్ని నొక్కే దిగుతాడు. మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెల్దు."

రామయ్య సీటు కింద చెయ్యి పెట్టి స్విచ్చి నొక్కాడు. ఒక్క కిక్కు. బండి అందుకుంది.

జనం చేతుల్లోని రాళ్లు కింద పడ్డాయి.

"సాయి అయితే బండెక్కి పోయేవాడు," అంది ఎలిజబెత్. "చంపినోడికి స్విచ్చి సంగతి తెలీదు. బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫ్ కొట్టినాడు." మెకానిక్ వైపు తిరిగింది. "నాగార్జునా, స్టార్ట్ కాని బండి వస్తే మొదట ఏం చేస్తావ్?"

"పెట్రోల్ చూస్తా మేడమ్. మళ్ల ప్లగ్గు విప్పి, ఇంజనుకు ఆనించి, స్పార్క్ చూస్తా."

"ఈ బండికి రెండూ చూళ్లేదే. ప్లగ్గు విప్పకుండానే స్పార్క్ లేదని ఎట్ల తెలిసె?"

నాగార్జున సంచిలోని స్పానరు చేతిలోకి తీసుకున్నాడు.

"రామయ్యా, బండి ఆపు. గ్లవ్స్ వేసుకొని ప్లగ్గు మీది క్యాపు లాగు."

ఇంజను నిండా మడ్డి. ప్లగ్గు ఒక్కటే తుడిచి తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద ఎర్రటి వేలిముద్ర.

"మనిషిని చంపినోడు పరిగెత్తాల. నువ్వు కూర్చుని ప్లగ్గు తుడిచి, మళ్లీ బిగించి, క్యాపు పెట్టినావ్. అది చేతి అలవాటు. హ్యాండిల్ తుడిచినావ్ గానీ క్యాపు కింద ఎవరు చూస్తారనుకున్నావ్."

స్పానరు లేచింది. రామయ్య భుజం మీద పడింది. రెండోసారి లేచేలోపు లాఠీ నాగార్జున మణికట్టుకు తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. అతన్ని బురదలో బోర్లా తొక్కిపట్టి ఎలిజబెత్ బేడీలు వేసింది.

"ఆ కేసులో ముద్దాయి మా యన్న," నాగార్జున బురద ఉమ్మాడు. "దావలో బండాపించి కాళ్లు పట్టుకున్యా. చూసింది చెప్తా అనె. అదే మాట మళ్లమళ్ల అనె."

మారెన్న తమ్ముళ్లు తలలు వంచుకొని వెనక్కి జరిగారు. ఈరమ్మ పాక్కుంటూ వచ్చి సాయి కాళ్లు పట్టుకోబోయింది. సాయి కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"బావ మీద ఈగలు ముసురుతాండాయి," అన్నాడు. "పోక్కా. కొంగుతో తోలు."