గింజలు దంచే చేతులు

"రోలు ఇంకింత అవుతలికి జరుపుమంటున్న. ఇనవడ్తలేదా?" ఈరమ్మ మూడోసారి అంది.

"గాలే లేదు గదత్తా. తాడు మీది బట్ట గూడ కదులుతలేదు," అంది రేణుకమ్మ రోకలి ఆపకుండానే.

"బట్ట కదలకపోతే గాలి లేనట్టేనా? నా ముక్కుకు వాసనొస్తుంది. నా ముక్కుకు వచ్చింది పిల్ల కండ్లకు రాదా?"

"మొన్న గోడ దాక జరుపుమన్నవ్, జరిపిన. నిన్న కొట్టం దాక జరుపుమన్నవ్, జరిపిన. ఇంకా జరిగితే పక్కూరు తుక్కుగూడల పడ్త."

పక్కన గింజల బస్తా విప్పుతున్న మరిది యాదయ్య పకపకా నవ్వాడు. "మంచిదే వదినె. అక్కడోళ్ళకు గూడ పేలు వోతయ్."

ఈరమ్మ నవ్వలేదు. రేణుకమ్మ కూడా నవ్వలేదు. పొద్దున్నుంచి నడుస్తున్న ఆ పోట్లాట గాలి గురించి కాదని ఇద్దరికీ తెలుసు. రోలు ఇప్పుడున్న చోటి నుంచి చూస్తే ఇంటి గడప కనిపిస్తుంది. గడప మీద మూడేళ్ళ భాగ్యమ్మ చింతపిక్కలతో ఆడుకుంటూ కనిపిస్తుంది. ఇంకో రెండు బారలు జరిగితే కొట్టం గోడ అడ్డం వస్తుంది.

రేణుకమ్మ దంచుతున్నవి సీతాఫలం గింజలు. వాటి పొడి తలకు పట్టిస్తే పేలు చస్తాయని మహేశ్వరం గుట్టల చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ తెలుసు. యుద్ధం వచ్చి మలయా దేశం నుంచి పురుగుల మందు వేరు రావడం ఆగిపోయాక, పట్నంలో పరిశోధనశాల వాళ్ళకు కూడా ఈ గింజల మీద చూపు పడింది. అక్కడ పనిచేసే జయశీలన్ ఊరూరా తిరిగి పది ఊళ్ళ పొడి పట్టుకెళ్ళి క్యాబేజీ తోటల్లో చల్లి చూశాడు. అన్నిటిలోకీ ఈ ఊరి, శంషాబాద్ పొడికే పురుగు బాగా చచ్చింది. ఆ పొడి ఎవరు దంచారని వెతుక్కుంటూ నిరుడు ఈ వాకిట్లోకి వచ్చాడు.

అందులో పెద్ద రహస్యమేమీ లేదు. నల్ల పెంకు చెరిగేసి, లోపలి పలుకును మాత్రమే దంచాలి. పలుకులో నూనె ఉంటుంది. నూనె పైకి తేలిందంటే పొడి ముద్దయిపోతుంది. అది తేలడానికి ఒక్క పోటు ముందు చెయ్యి ఆపాలి. పట్నంలో మిషన్ ఆ ఒక్క పోటు దగ్గర ఆగలేకపోయింది. రేణుకమ్మ చెయ్యి ఆగేది. అప్పటి నుంచి పట్నం వాళ్ళ గింజల బస్తాలు ఆమె రోలు దగ్గరికే వస్తున్నాయి.

అయితే ఆ పొడి కంట్లో పడితే కన్ను నిలవదు. వెనకింటి శివమ్మ ఒకసారి చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకుంది. నెలరోజులు గుడ్డిదానిలా గోడలు తడుముకుంది. ఇప్పటికీ ఎడమ కన్ను మసకే. అందుకే గింజలు దంచే మొదటి రోజే ఈరమ్మ కట్టుదిట్టం పెట్టింది. దంచే మనిషి పిల్లను ముట్టుకోకూడదు. ఇంట్లో పడుకోకూడదు. స్నానం చేసినా సరే, గోళ్ళల్లో పొడి ఉంటుంది. దంచుడు ఆగిపోయి వారం దాటితేనే పిల్లను ఎత్తుకోవాలి.

రేణుకమ్మ ఒప్పుకుంది. కన్నబిడ్డ కళ్ళ కంటే ఎక్కువేముంది? నిరుడు పిల్ల ఇంకా పాలు తాగుతుండగానే మాన్పించింది. రొమ్ములు గడ్డకట్టి, కొట్టం పక్క చాప మీద పడుకుని, లోపల పిల్ల ఏడుపు వింటూ తానూ ఏడ్చింది. నాలుగైదు రోజులకు పిల్ల ఏడుపు ఆగింది. ఆ ఆగిన రోజే రేణుకమ్మకు ఎక్కువ బాధ అనిపించింది.

ఎండాకాలమంతా దంచుడు లేక పిల్ల మళ్ళీ చేతుల్లోకి వచ్చింది గానీ, పడుకునేటప్పుడు మాత్రం లేచి ఈరమ్మ పక్కకే పోయేది. ఈసారి బతుకమ్మ పండుగకు ముందే మళ్ళీ గింజలు వచ్చాయి. మళ్ళీ దూరం. ఇంట్లో ఎవరూ లేని వేళ రేణుకమ్మ తాడు మీద ఆరేసిన పిల్ల గౌను దగ్గరికి వెళ్ళేది. ముట్టుకుంటానేమోనని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మొహం మాత్రం ముందుకు చాపి వాసన చూసేది.

"రేణుకా!" గడప మీద నుంచి భాగ్యమ్మ అరిచింది. "గాలొస్తుంది! జరుగు!"

నాయనమ్మ ఎలా పిలిస్తే అలాగే పిలవడం పిల్లకు అలవాటయింది. యాదయ్య మళ్ళీ నవ్వాడు. రేణుకమ్మ లేచి, రోలును గోడ అవతలికి దొర్లించింది.

*

ఎండ ముదరకముందే రేణుకమ్మ భర్త కొండల్ ఉందానగర్ స్టేషన్ నుంచి కచ్చరం బండిలో జయశీలన్‌ను తీసుకుని వచ్చాడు. శుక్రవారం, పట్నంలో సర్కారు కచేరీలకు సెలవు. కొండల్ మొహం వెలిగిపోతోంది. కచ్చరం దిగకముందే కేక పెట్టాడు.

"అవ్వా! బొంబాయి కంపెనీ ఒప్పుకుందే! మన పొడి డబ్బాలల్ల పోసి దేశమంత అమ్ముతరంట!"

అందరూ వాకిట్లో చేరారు. రేణుకమ్మ దూరంగా, కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. జయశీలన్ మంచం మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, ఇది మీ చేతి గొప్పతనం. కంపెనీ వాళ్ళు మా లాబొరేటరీతోని కాగితం రాసుకున్నరు. ఇగ పని పట్నంలనే. పెద్ద షెడ్డు వేస్తున్నరు, ఇరవై మంది ఆడోళ్ళను పెడ్తరు. వాళ్ళకు మీ లెక్క దంచుడు నేర్పాలె. ఒక రెండు నెలలు మీరు వచ్చి ఉండాలె. ఉండనీకె అర్ర ఇస్తరు, జీతం ఇస్తరు."

"వస్తది సారు! ఎందుకు రాదు?" అన్నాడు కొండల్. "రేపు రమ్మంటే రేపే పంపుత."

రేణుకమ్మకు గుండెలో రెండు వైపుల నుంచి లాగినట్టయింది. ఇరవై మందికి తన చెయ్యి నేర్పడం! పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆమెను ఏదీ నేర్పమని అడగలేదు. కానీ రెండు నెలలు. ఇప్పుడు గోడ అవతలి నుంచైనా పిల్ల గొంతు వినిపిస్తోంది. అప్పుడు అదీ ఉండదు.

"పిల్లను..." అంది మెల్లగా. "పిల్లను తెచ్చుకోనీకె రాదు గద సారు. దంచినన్ని దినాలు ముట్టుకోవద్దు గద."

జయశీలన్ అర్థం కానట్టు చూశాడు. "ఎందుకు ముట్టుకోవద్దు?"

"పొడి సారు. కండ్లకు..."

"అట్లంటే నేను నా బిడ్డను ముట్టుకోనే వద్దు. పొద్దంత నాకు అదే పొడితోని పని. సబ్బుతోని రెండుసార్లు చేతులు, మొకం కడుగుత, తలకు పోసుకుంట, బట్టలు మారుస్త. ఇంటికి పోంగనే నా బిడ్డ మెడ మీదకెక్కుతది." అతను నవ్వి ఈరమ్మ వైపు చూశాడు. "నిరుడు అమ్మకు అంత చెప్పి, ఆరు సబ్బులిచ్చి పోయిన గద. అయిపోయినయా? ఇంకో అర డజను తెచ్చిన."

అతను సంచిలోంచి కాగితం పొట్లం తీసి మంచం మీద పెట్టాడు.

"ఏ సబ్బులు సారు?" అన్నాడు యాదయ్య.

ఈరమ్మ పిల్లను గట్టిగా ఒళ్ళోకి లాక్కుంది.

"అత్తా," అంది రేణుకమ్మ. "ఏ సబ్బులు?"

"ఏమో... యాదికి లేదు. ముసలిదాన్ని..."

"నిరుడు నేను నాట్లకు పోయిన దినం సారు వచ్చి పోయిండని చెప్పినవ్. ఏమన్నడని అడిగితే, ఉత్తగ వచ్చిండని చెప్పినవ్."

ఈరమ్మ పిల్లను దించి లోపలికి వెళ్ళింది. పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. కొంగులో మూటగట్టి తెచ్చింది. ఆరు ఎర్ర సబ్బులు, పైన చుట్టిన కాగితం కూడా చిరగలేదు.

"అవ్వా!" కొండల్ లేచాడు. "ఇదేం పనే? సారు ముంగట ఇజ్జత్ తీస్తివి గద! మనిషివేనా నువ్వు?"

"నువ్వు ఊకో!" రేణుకమ్మ గొంతు అంత పైకి లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "అత్తను అనేటందుకు నీకు మొకం ఉన్నదా? నెలకు రెండుసార్లు సారును టేషన్ల కలుస్తివి. పొడి ఎంత అని అడుగుతివి, మళ్ళ బస్తా ఎప్పుడు అని అడుగుతివి. నా పెండ్లాం కొట్టం కాడ పండుకుంటుంది సారు, ఇంకేమన్న తొవ్వ ఉన్నదా అని ఒక్కనాడన్న అడిగినవా?"

జయశీలన్ ఇబ్బందిగా లేచి, బండి దగ్గర ఎడ్లను చూసే నెపంతో బయటికి నడిచాడు.

రేణుకమ్మ అత్త చేతిలోంచి ఒక సబ్బు తీసుకుంది. కాగితం చించి బావి దగ్గరికి వెళ్ళింది. చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. గోళ్ళ సందుల్లో పుల్లతో గీకి కడుక్కుంది. తలమీద చేదలకు చేదలు పోసుకుంది. ఆరిన చీర కట్టుకుని, జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగానే వచ్చి పిల్ల ముందు కూర్చుంది. చేతులు చాపింది.

"రా బిడ్డా."

భాగ్యమ్మ ఆ చేతులను చూసింది. రెండు అరచేతులతో కళ్ళు గట్టిగా మూసుకుని కెవ్వున ఏడ్చింది. "వద్దు! రేణుకా, వద్దు! పొడి! కండ్లు పోతయ్!"

పరుగెత్తి ఈరమ్మ కాళ్ళను చుట్టేసింది.

చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. రేణుకమ్మ కంటి నుంచి నీళ్ళు కారినా తుడుచుకోలేదు. ఏడాదిగా చేతితో కన్ను తుడుచుకోకపోవడం అలవాటైపోయింది.

ఈరమ్మ ఆ చేతులను చూసింది. నిలబడ్డ చోటే కూర్చుంది.

"చెప్తమనే అనుకున్ననే. వాని మీద ఒట్టు," అంది కొండల్ వైపు చూపిస్తూ. "సారు పోయినాక మాపటికి చెప్తమనుకున్న. గా రాత్రి పిల్ల నా మెడ చుట్టు చెయ్యేసి పండుకుంది. తెల్లారి చెప్పబుద్ధి కాలే. ఇంకొక్క దినం అనుకున్న. అట్లట్ల దినాలు వోయినయ్. తర్వాత చెప్పే మొకం లేకుంటయ్యింది."

"నా బిడ్డనత్తా."

"తెలుసు." ఈరమ్మ కొడుకుల వైపు చూపించింది. "వీళ్ళిద్దర్ని నేను కన్న గంతే, పెంచలే. మా అత్త పెంచింది. కాన్పయిన పన్నెండో దినం నన్ను దేశ్‌ముఖ్ దొర చేన్లకు తోలిండ్రు. పొద్దు పొడువక ముందు పోతి, పొద్దు గూకినాక వస్తి. వచ్చేసరికి పిల్లలు పండుకునేటోళ్ళు. కొండల్ నడక నేర్సింది నేను సూడలే. యాదిగాడు ముందుగాల మా అత్తనే అమ్మ అన్నడు. నడుమల్ల పాలు చేపుకొస్తే గట్టు మీద కూసోని మట్టిల పిండిన. ఎవలికి చెప్పుకుంట? నీ బిడ్డ ఒళ్ళెకొస్తే... నాకు వయసుల దొరకంది ఇప్పుడు దొరికిందనుకున్న. అది నీకాడికెల్లి గుంజుకుంటున్ననని తెలిసి గూడ ఇడువలేకపోయిన."

యాదయ్య తల వంచుకున్నాడు. కొండల్ అమ్మను మొదటిసారి చూసినట్టు చూస్తున్నాడు.

రేణుకమ్మకు కోపం పోలేదు. అంత త్వరగా పోయేది కాదది. కానీ మట్టిలో పాలు పిండుకున్న ఆ మనిషిని మాత్రం ఆమెకు తెలుసు. కొట్టం పక్క చాప మీద ఏడ్చిన ఆ మనిషి తనే. ఇంత తెలిసిన మనిషి మరో తల్లికి ఇలా ఎందుకు చేసిందన్నది అర్థం కాలేదు. తెలిసినందువల్లే చేసిందేమోనని కూడా అనిపించింది.

ఆమె ముందుకు జరగలేదు. పిల్లను గుంజుకోలేదు. అక్కడే కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపటికి భాగ్యమ్మ ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. ఈరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, తీసుకొచ్చి రేణుకమ్మ చేతిలో పెట్టింది.

"వాసన చూడు బిడ్డా. సబ్బు వాసన. పొడి లేదు. నేను చెప్తున్న, లేదు."

భాగ్యమ్మ వంగి తల్లి వేళ్ళను అనుమానంగా వాసన చూసింది. ఒక్కొక్క వేలే. చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి తుమ్మింది. ఆ తుమ్ముకు రేణుకమ్మ ఉలిక్కిపడింది, పిల్ల మాత్రం నవ్వింది. నవ్వుతూనే ఆమె మోకాలి మీద అరక్షణం కూర్చుని, లేచి మళ్ళీ నాయనమ్మ పక్కకు పోయింది.

అరక్షణమే. ఆ బరువు మోకాలి మీద అలాగే ఉన్నట్టుంది రేణుకమ్మకు.

జయశీలన్ గొంతు సవరించుకుంటూ లోపలికొచ్చాడు. "సాయంత్రం రైలుకు పోవాలె. కంపెనీ వాళ్ళకు ఏమని చెప్పాలె? ఇష్టం లేకపోతే పరేషాన్ కావొద్దు అక్కా, వేరే ఏమన్న చూస్త."

కొండల్ ఈసారి భార్య వైపు చూశాడు. అందరూ చూశారు.

"వస్త అని చెప్పు సారు," అంది రేణుకమ్మ. "దంచుడు నేర్పుత. భాగ్యమ్మ నాతోని వస్తది."

ఈరమ్మ తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేచి లోపలికి వెళ్ళబోయింది.

"యాడికత్తా? నీ బట్టలు గూడ సదురుకో."

"అవ్వ ఎందుకే?" అన్నాడు కొండల్. "మాకు ఇంట్ల వండేదెవలు?"

"మీకు చేతులు లేవా? జొన్నపిండి కుండల ఉన్నది, పొయ్యి గాడనే ఉన్నది." అతని వైపు చూడకుండానే అని, రేణుకమ్మ అత్త వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, కరుణ కూడా లేదు. చాలా రోజులుగా ఆలోచించి పెట్టుకున్న మాట చెబుతున్నట్టు మెల్లగా చెప్పింది.

"నేను షెడ్డుల ఉన్నంత సేపు పిల్ల నీ దగ్గర. నేను తానం చేసి వచ్చినంక నా దగ్గర. పండుకునుడు నా పక్కనే. రాత్రి ఏడిస్తే ఏడుస్తది, నాలుగు దినాలు నువ్వు లేవొద్దు."