తనిఖీ కాగితంలో ఖాళీ గడి

ఆమెను నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నా మొహం చూడలేదు. తలుపు తీయగానే నన్ను దాటుకుని నేరుగా వంటింట్లోకి వెళ్ళి, మా గ్యాస్ గీజర్ వంక అనుమానంగా చూసింది.

"నాలుగోసారి వస్తున్నాను. మూడుసార్లు చీటీ అంటించి వెళ్ళాను," అంది. అప్పుడు మేకుకు తగిలించిన నా యూనిఫాం కంటబడింది. "ఓహో, బస్సు డ్రైవరా! జనాన్ని నిలబెట్టడం అలవాటే అన్నమాట."

తెల్లవారుజాము డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాడిని. ఆ మూడుసార్లూ అమ్మ లోపలే ఉండి కూడా చప్పుడు చేయకుండా కూర్చుందని, తర్వాత చీటీలు పీకి దాచేసిందని నాకప్పటికి తెలియదు.

మాది ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ళలో మూడో అంతస్తు. ఏడాదికోసారి హౌసింగ్ ఆఫీసు నుంచి గ్యాస్ తనిఖీకి మనిషి వస్తారు. ఈమె కొత్తగా వచ్చింది. బిల్డింగులో అందరూ అప్పుడే 'సబ్బునురగ' అని పేరు పెట్టేశారు. చేతిలో ఎప్పుడూ సబ్బునీళ్ళ డబ్బా, చిన్న బ్రష్షు. పైపు అతుకుల మీద నురగ పూస్తుంది. బుడగ లేచిందంటే అక్కడ గ్యాస్ కారుతున్నట్టే.

ఆ రోజు బుడగలు లేవలేదు. కానీ గీజర్‌లో మంట నీలంగా కాకుండా పసుపుగా ఉంది. ఆమె చుట్టూ చూసి, స్టూలెక్కి, గోడకున్న గాలి జాలీలోకి చెయ్యి పెట్టి లాగింది. నా పాత తువ్వాలు బయటికొచ్చింది.

"ఇదేంటి ఆంటీ?"

"చలిగాలి కొడుతోందమ్మా," అంది అమ్మ తల దించుకుని.

"తలనొప్పి వస్తోందా?"

"రోజూ సాయంత్రం. కళ్ళద్దాలు సరిపడలేదంటాడు వీడు."

నిజమే. రెండుసార్లు అద్దాలు మార్పించాను కూడా.

"అద్దాలు కాదు, గీజర్. గాలాడక మంట పసుపైతే విషగాలి వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. పోయేదాకా తెలియదు," అంటూ ఆమె కిటికీలన్నీ తెరిచి, గ్యాస్ కట్టేసి, గీజర్‌కి ఎర్ర చీటీ తగిలించింది.

"ఆగండి మేడమ్! ఈ చలిలో మా అమ్మ చన్నీళ్ళు ఎలా పోసుకుంటుంది?"

"వణుకుతూ పోసుకుంటారు. వణకడానికి మనిషి మిగలాలిగా!"

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఆమె మీద కాదని, కళ్ళముందున్నది చూడలేకపోయిన నా మీదేనని వెంటనే అర్థమైంది.

"ఇల్లు ఆఫీసుది. బాగుచేయించాల్సిందీ ఆఫీసే," అంది ఆమె. "మీ పనల్లా తలుపు తీయడం. అదీ చేయకపోతే ఎలా?"

"వీణ్ణేమీ అనకమ్మా," అంటూ అమ్మ అడ్డొచ్చింది. "చప్పుడు వినీ నేనే తీయలేదు. తప్పు దొరికితే ఇల్లు ఖాళీ చేయమంటారని భయమేసింది."

ఆమె అమ్మ పక్కన నేల మీదే కూర్చుంది. "చెప్పుకున్నందుకు ఎవర్నీ వెళ్ళగొట్టరు ఆంటీ. అలా అన్నారా, ముందు నాతో మాట్లాడాలి."

ఆ మాటకు నేను పడిపోయాను. అమ్మ కూడా పడిపోయిందని తర్వాత తెలిసింది.

నాలుగు రోజుల్లో కొత్త గీజర్ వచ్చింది. పొగ బయటికి పోయే గొట్టం మార్చారు. చలిగాలి నేరుగా కొట్టకుండా జాలీకి వంపు రేకు బిగించారు. అంతా సరిచూడ్డానికి ఆమె వర్షంలో తడుస్తూ వచ్చింది. ఈసారి ఇలా తట్టగానే అలా తలుపు తీశాను.

"పరుగెత్తుకొచ్చారా?" అంది నవ్వు దాచుకుంటూ.

అమ్మ టీ పెడతానంటే, "డ్యూటీలో తాగను ఆంటీ," అంది. కాగితం నింపుతుంటే తొంగి చూశాను. 'ఇంట్లోవారు తనిఖీ చేసేవారికి బంధువులా?' అన్నచోట 'కాదు' మీద టిక్కు పెట్టింది.

"అంత గట్టిగా పెట్టాలా?"

"రూలండీ. బంధువులైతే మొహమాటపడి పాస్ చేసేస్తామని, ఆ ఇంటికి వేరేవాళ్ళని పంపిస్తారు."

ఆ తర్వాత ఆమె నా బస్సు ఎక్కడం మొదలుపెట్టింది. సరిగ్గా నా సీటు వెనకే కూర్చునేది. నేను అద్దంలో చూస్తే కిటికీలోంచి చూసేది. నేను రోడ్డు చూస్తే అద్దంలోకి చూసేది. దిగేటప్పుడు మాత్రం, "ఆంటీకి తలనొప్పి తగ్గిందా? జాలీ తెరిచే ఉందా?" అని అడిగేది. తగ్గి నెలలైనా అడిగేది. నేనూ ప్రతిసారీ కొత్తగా చెప్పేవాణ్ణి.

అలా ఏడాది గడిచింది. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం నాలుక దాటలేదు. తనిఖీ దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం ధైర్యం తెచ్చుకుని, తీరా నోరు తెరిచి, "ఏడాదికోసారైనా మా ఇంటికి వస్తారుగా, అది చాలు," అనేశాను.

"అంతేనా?" అంది ఆమె. నేను వెర్రినవ్వు నవ్వాను. ఆమె తన స్టాపు రాకముందే దిగిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు బస్సెక్కలేదు.

తనిఖీ రోజున సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. అడుగుల చప్పుడు విని తలుపు తీస్తే, ఎదురుగా బట్టతల పెద్దాయన.

"ఆమె... రాలేదా?"

"ఈ ఇల్లు వద్దని రాసిచ్చేసిందయ్యా."

మంచం కింద దాచిన పూలగుత్తి గుర్తొచ్చి సిగ్గేసింది. ఆయన తీరిగ్గా నురగ పూసి, మంట చూసి, జాలీలో వేలుపెట్టి, "అన్నీ బాగున్నాయి," అన్నాడు. తర్వాత సంచీలోంచి ఇంకో కాగితం తీశాడు.

"ఇదొక్కటే అర్థం కాలేదు. వద్దనడానికి కారణం 'బంధువులు' అని రాసింది. ఏ వరసో రాయలేదు. అడిగితే, అది ఇంటివాళ్ళే నింపాలంది."

కాగితం అందుకున్నాను. ఆ గడి ఖాళీగా ఉంది. అమ్మ నా భుజం మీదుగా చదివి, పోపులడబ్బా పక్కనున్న పెన్ను తెచ్చి చేతిలో పెట్టింది. "నింపరా! ఏడాది నుంచి చూస్తున్నాను మీ ఇద్దర్నీ."

"ముందు ఆమెను అడగాలి కదమ్మా!"

"అయితే అడుగు," అన్నాడు పెద్దాయన. "కింద వ్యానులో ఉంది. తనిఖీ అయ్యేదాకా పైకి రాకూడదట, రూలట."

మూడంతస్తుల మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆమె వ్యానుకు ఆనుకుని నిలబడి ఉంది. నా చేతిలో పెన్ను, కాగితం. పూలు మంచం కిందే ఉండిపోయాయి.

"ఏడాదికోసారి చాలదు," అన్నాను రొప్పుతూ. "రోజూ కావాలి. ఇందులో 'కాబోయే భార్య' అని రాయనా?"

ఆమె కళ్ళు చెమర్చాయి. అయినా పెదవి బిగించింది. "ఎన్నిసార్లు అడగాలి మీ తలుపు తీయమని?"

"ఈసారి తెరిచే వచ్చాను."

ఆమె పెన్ను లాక్కుని గడి తనే నింపింది. పై బాల్కనీలోంచి అమ్మ కేక వినిపించింది: "అమ్మాయ్! టీ పెట్టాను. డ్యూటీ అన్నావంటే ఊరుకోను!"

ఆమె తలెత్తి, వీధంతా వినిపించేలా జవాబిచ్చింది. "ఆ ఇంట్లో నాకింక డ్యూటీ లేదు ఆంటీ! వస్తున్నా!"