జోడుతొడుగు

2080 దాటాక విశాఖ ఆసుపత్రుల్లో “నొప్పి ఎంత ఉందమ్మా?” అని అడగడం మానేశారు. తొడుగు వేసుకుని తెలుసుకునేవారు.

రొమ్ము క్యాన్సర్‌తో ప్రాణం పోవడం అప్పటికి అరుదైపోయింది. కానీ రొమ్ము తీసేశాక చంకలో బిగుసుకునే మచ్చనీ, నీరు పట్టి బరువెక్కే చేతినీ ఏ మందూ లొంగదీసుకోలేకపోయింది. దానికి పాత వైద్యమే గతి. రోజూ చేతిని నొప్పి అంచుదాకా లేపాలి, దించాలి. మానేస్తే భుజం కొయ్యబారిపోతుంది.

ఆ నొప్పి ఇంట్లోవాళ్ళ కంటికి ఆనదు. “ఆపరేషన్ అయిపోయిందిగా, ఇంకా ఏమిటి?” అంటారు. ఆ మాట వినీ వినీ విసిగిపోయిన ఫిజియోథెరపిస్టు డాక్టర్ మేధిని జోడుతొడుగు తయారుచేసింది. ఒకటి రోగి చేతికి, రెండోది ఇంట్లోవాళ్ళ చేతికి. మొదటిదాని సెన్సర్లు నాడీసంకేతాలను చదువుతాయి. రెండోది అదే నొప్పిని, వీసమెత్తు తగ్గకుండా, అవతలి మనిషి చేతిలో పుట్టిస్తుంది.

ఆ ఆపరేషన్ అయి మేధిని దగ్గరికొచ్చిన లాస్య భీమిలి బడిలో వాలీబాల్ కోచ్. ఆమె భర్త కార్తికేయ సముద్రపు గాలిమరల ఇంజినీరు. తొడుగు వేసుకున్న మొదటిరోజు, లాస్య చెయ్యి భుజందాకా లేచిందో లేదో అతను కుర్చీలో కూలబడ్డాడు.

“ఇన్నాళ్ళూ ఇదా నువ్వు పడుతున్నది? నేనసలు మనిషినేనా!” అని వెక్కి వెక్కి ఏడ్చాడు. లాస్యా ఏడ్చింది. తన శ్రమ ఫలించిందనుకుంది మేధిని.

ఆ తొడుగు కార్తికేయ మళ్ళీ విప్పలేదు. దానితోనే ఆఫీసుకు వెళ్ళాడు, పెళ్ళిళ్ళకు వెళ్ళాడు. కాలనీవాళ్ళు సభ పెట్టి శాలువా కప్పారు. భార్య నొప్పిని పంచుకున్న భర్తగా టీవీలోనూ మాట్లాడాడు.

కొన్ని వారాల తరవాత లాస్య పరీక్షకొచ్చింది. చెయ్యి భుజం ఎత్తుకైనా లేవడంలేదు. ఉబ్బిన మణికట్టులోకి గాజు దిగబడిపోయింది.

“వ్యాయామం మానేశారా?” అంది మేధిని.

“గోడమీద వేళ్ళు పాకించగానే ఆయన కేక పెడతారండీ. ఆపేసి మజ్జిగ కలిపివ్వాలి, చెయ్యి నిమరాలి. అవన్నీ అయ్యాక ఇంక నాకు ఓపిక ఉండదు.”

“తొడుగు తీసెయ్యమనండి.”

“అన్నాను. నా ప్రేమ నీకు బరువైందా అని అన్నం మానేశారు.”

మేధిని తలెత్తి చూసింది. కార్తికేయ అద్దాల గోడ అవతల, వరండాలో కూర్చుని వీళ్ళనే చూస్తున్నాడు.

“ఇవాళ్టికి రెండు తొడుగుల మధ్య లంకె తెంపేస్తాను. ఆయన చేతికి ఏమీ చేరదు. మీరు నిశ్చింతగా చెయ్యండి,” అని మీట నొక్కింది. తెరమీద పచ్చదీపం ఆరిపోయింది.

లాస్య గోడకు వేళ్ళు ఆనించి పైకి పాకించింది. నుదుట చెమట పట్టింది. పెదవి పంటికింద నొక్కిపట్టి, ఇంకో బెత్తెడు జరిపింది.

“అమ్మో! చచ్చిపోయాను!”

వరండాలో కార్తికేయ చెయ్యి పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. నర్సులు పరుగెత్తారు. “పాపం, పెళ్ళామంటే ఎంత ప్రాణమో!” అంది ఎవరో పెద్దావిడ, కొంగుతో విసురుతూ.

లాస్య తెరవైపు చూసింది. “మళ్ళీ కలిసిందా డాక్టర్ గారూ?”

“లేదు,” అంది మేధిని. “తెగే ఉంది.”

మేధిని విసురుగా లేచి తలుపు దగ్గరికి వెళ్ళింది.

“చెప్పొద్దండీ,” అంది లాస్య.

“ఎందుకు?”

“మొదటిరోజు ఏడ్చింది నిజమే కదా. దాన్నైనా నాకు ఉండనివ్వండి.”

ఆమె మళ్ళీ గోడవైపు తిరిగింది. బయట రెండో కేక వినిపించింది. మూడోదీ వినిపించింది. ఆమె తల తిప్పలేదు. వేళ్ళు ఒక్కొక్కటే పైకి పాకాయి. చివరికి చెయ్యి తలను దాటింది. చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి. అవి ఏ నొప్పివో కనిపెట్టే సెన్సర్ ఆ తొడుగులో లేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు కార్తికేయను నర్సు చక్రాల కుర్చీలో లిఫ్టుదాకా తోసుకెళ్ళింది. వాచిన చేతిని గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో ఇద్దరి సంచులూ మోసుకుంటూ లాస్య వెనకాల నడిచింది.