పడిపోయిన మాను మీది పుట్టగొడుగు

వాన వెలిసీ వెలియకముందే ఆమె మెట్లెక్కి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తడిసిన బట్టలతో గోడకి ఆనుకుని, "డిటెక్టివ్ బాబు ఉన్నారా అక్కా?" అంది.

ఉన్నాడని తలూపి వదిన లోపలి గది తలుపు తట్టింది. ఈ వదిన డిటెక్టివ్ అన్నగారి భార్య. భర్త పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఒకరోజు మరిది ఆఫీసుకు వచ్చింది. ఆ తర్వాత అతను వెళ్ళే ప్రతి చోటికీ వెళ్తూనే ఉంది. మరిదికి అంతు చిక్కని విషయం ఉంటుందంటే ఆమె నమ్మదు.

వచ్చినామె చెప్పింది ఇదీ. ఆమె భర్త పరిశోధన తోటలో తోటమాలి. పుచ్చిన చెట్టుని కొట్టించకుండా వదిలేశాడట. మొన్నటి గాలివానకి అది అక్కడ పుట్టగొడుగుల మీద పరిశోధన చేసే పెద్దసారు మీద పడింది. పెద్దసారు అక్కడికక్కడే పోయాడు. తోటమాలిని పోలీసులు పట్టుకెళ్ళారు.

"ఆయనేమంటున్నాడు?" అన్నాడు డిటెక్టివ్.

"తప్పు నాదే, చెట్టు పడటం నా కళ్ళతో చూశానంటున్నాడు బాబూ. ఆకు మీద మచ్చ కనిపిస్తే భోజనం సహించని మనిషి. చెట్టు పుచ్చితే వదిలేస్తాడా?"

"మీరప్పుడు ఇంట్లో లేరా?"

"మా చెల్లెలికి పురుడొస్తే వెళ్ళాను. ఇంట్లో మా అమ్మాయి ఉంది. పెద్దసారు దగ్గరే పరిశోధన చేస్తోంది. అది నాతో పలకడమే మానేసింది. వాళ్ళ సారు పోయారు, నాన్న లోపలున్నాడు. ఏం పలుకుతుంది?"

డిటెక్టివ్ తలెత్తాడు. "ఆయన చెప్పింది అబద్ధమని తేలితే మీకు సంతోషమేనా?"

"అదేం మాట బాబూ. అందుకే గదా మీ గుమ్మం ఎక్కాను."

*

పెద్దసారు పనిగదిలో సొరుగులు కప్పుదాకా ఉన్నాయి. మాను మీద అరల్లా మొలిచి, చెక్కని లోలోపల తినేసే పుట్టగొడుగులన్నీ అక్కడ జాతుల వారీగా ఎండి ఉన్నాయి. కొన్ని గిట్టల్లా, కొన్ని విసనకర్రల్లా ఉన్నాయి. వదిన ఒకటి తీసి చూసింది. చెక్క కంటే గట్టిగా ఉంది.

"తలకిందులుగా పట్టుకున్నారు," అన్నాడు పరిశోధన తోట డైరెక్టరు. "సన్న రంధ్రాలున్న వైపు కిందకి. ఆ రంధ్రాల్లోంచే బీజాల పొడి రాలాలి. అందుకే అవి ఎప్పుడూ నేలనే చూస్తాయి. పక్కకి చూస్తే పొడి రాలదు, జాతి నిలవదు."

"పెద్దసారు ఎలాంటి మనిషి?" అన్నాడు డిటెక్టివ్.

"మొండిఘటం. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినా సెలవు పెట్టలేదు. నమూనాకి చీటీ దారం కూడా కట్టలేడు. అన్నీ ఈ అమ్మాయే చూసేది."

తోటమాలి కూతురు కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. తన పని చూపించమని అడిగేసరికి మాత్రం ఆ ముఖంలోకి ప్రాణం వచ్చింది. గాజు మూత తీసి రెండు చేతులతో ఒక పుట్టగొడుగును బయటకు తీసింది. సగం నిటారుగా పలకలా ఉంది. అంచున మాత్రం అడ్డంగా ఒక పెదవి పెరిగింది.

"ఇంతవరకూ ఎవరూ గుర్తించని జాతండీ ఇది. ఎన్నేళ్ళ పనో ఇది. వచ్చే సభలో ప్రకటించాలి."

"సార్ మీద పడిన చెట్టు మీద దొరికిందే కదా?" అన్నాడు డిటెక్టివ్.

"అవును. చెట్టు నిలబడి ఉండగానే కోశాను."

"పెద్దసారుని ఆ రోజు చూశావామ్మా?"

"లేదండీ. నేను ఇంట్లోనే ఉన్నాను."

"ఇంత పని చేశావు, సారు మెచ్చుకునే ఉంటారు," అంది వదిన. అమ్మాయి గాజు మూత పెట్టేసింది.

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు పెద్దసారు భుజం సంచీ బల్ల మీద బోర్లించాడు. కాగితంలో చుట్టిన పుట్టగొడుగు ఒకటి పడింది. కోసి ఎన్నాళ్ళో కాలేదు, ఇంకా చెమ్మగానే ఉంది. దానికీ అలాంటి పెదవే ఉంది. దాని చుట్టూ దారంతో చీటీ కట్టి ఉంది, దారానికి బిగుతైన జంట ముడి.

"సంచీ ఖాళీగానే తోటలోకి వెళ్ళాడని తోటమాలే చెప్పాడు. అంటే అక్కడ కోసినదే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇందులో వింతేముంది?"

"ఏమీ లేకపోతే బాగుండు," అన్నాడు డిటెక్టివ్.

సాయంత్రం ఇద్దరూ తోట చివరికి వెళ్ళారు. ఆ మూలకి పెద్దసారు, ఆయన శిష్యురాలు, తోటమాలి తప్ప ఎవరూ రారు. మాను మొదలు చేత్తో తాకితే పొడై రాలుతోంది. ఎప్పుడు విరిగిందో దాన్ని చూసి చెప్పలేం. డిటెక్టివ్ మాను పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏం కనిపిస్తోంది వదినా?"

"గోడతో పాటు గోడకి కొట్టిన అర కూడా పడిపోయినట్టుంది. అరలన్నీ నిటారుగా లేచి నిలబడ్డాయి. అంచులు మాత్రం మళ్ళీ తిన్నగా..." ఆమె ఆగిపోయింది. మరిది ముఖంలో కేసు తేలినప్పటి వెలుగు లేదు.

"ఈ కేసు ఒప్పుకోకుండా ఉండాల్సింది," అన్నాడు అతను.

*

మర్నాడు ఆ మాను చుట్టూ అందరూ చేరారు. ఇన్‌స్పెక్టరు తోటమాలిని వెంటబెట్టుకుని వచ్చాడు. తోటమాలి భార్య ఆశగా డిటెక్టివ్ నోటి వంకే చూస్తోంది.

"ఈ చెట్టు మొన్నటి గాలివానకి పడలేదు," అన్నాడు డిటెక్టివ్. "పడి చాలా కాలమైంది. ఈ పుట్టగొడుగులు చూడండి. చెట్టు నిలబడి ఉన్నప్పుడు ఇవి అడ్డంగా పెరిగాయి. చెట్టు పడ్డాక నిటారుగా అయిపోయాయి, రంధ్రాలు పక్కకి తిరిగాయి. అప్పుడు అంచున కొత్త పెదవి పుట్టించుకుని, ఆ రంధ్రాలని మళ్ళీ నేలకి తిప్పుకున్నాయి. ఇంత చెక్కలాంటి పెదవి గాలివాన వెలిసిన నాలుగు రోజుల్లో పెరగదు."

"చూశావా, నేను చెప్పలా!" అంటూ తోటమాలి భార్య భర్త చెయ్యి పట్టుకుంది.

తోటమాలి చెయ్యి విడిపించుకున్నాడు. "లేదు బాబూ. నా కళ్ళముందే పడింది. రాసుకోండి."

"రాళ్ళ మీద ఆనుకుని ఉన్న మానుని గడ్డపారతో లేపి ఆయన మీదకి జార్చావు. అప్పటికే ఆయన ప్రాణం పోయింది. తన మెడకి తనే ఉరి తగిలించుకునే అబద్ధం ఎవరైనా తమ కోసం ఆడతారా?"

అమ్మాయి మానుకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఆ రోజు పెద్దసారు నీ చేత ఒక పుట్టగొడుగు కోయించి చూపించారు," అన్నాడు డిటెక్టివ్ ఆమెతో, గొంతు తగ్గించి. "ఇది కొత్త జాతి కాదు, పాతదే, మాను పడటం వల్ల వంకర తిరిగిందని చెప్పారు. నువ్వు కొత్త జాతన్నదీ, మీ నాన్న అబద్ధాన్ని బయటపెట్టిందీ ఒకే పెదవి. సంచీలోని నమూనాకి ముడి ఉంది. ఒంటిచేత్తో ఆయన అంత బిగుతుగా కట్టలేరు. కట్టింది నువ్వే, అంటే ఆ రోజు నువ్విక్కడే ఉన్నావు. దాన్ని ఎక్కడైనా పారేసి ఉంటే నేనేమీ చెప్పలేకపోయేవాణ్ణి."

"పారెయ్యలేకపోయాను," అందామె. చాలా మామూలుగా అంది. "నమూనాని పారెయ్యడం నాకు నేర్పలేదండీ. ఆయనే నేర్పలేదు."

"నోర్ముయ్ తల్లీ," అన్నాడు తోటమాలి.

"పాతజాతి సొరుగులో కలిపెయ్ అని నవ్వారు నాన్నా. ఒక్కసారి తోశాను. తలకి రాయి తగిలింది."

డైరెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది పాతజాతే అని తనకు ముందే అనుమానం ఉందని ఎవరికీ వినపడకుండా గొణిగాడు. తోటమాలి డిటెక్టివ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు. అతని గొంతులో కోపం లేదు.

"నేనొక్కణ్ణీ పోయేవాణ్ణి బాబూ. అది మిగిలేది."

డిటెక్టివ్ పక్కకి తప్పుకుని దారి ఇచ్చాడు.

కూతురిని సార్ని చంపినందుకు, తండ్రిని నేరం దాచినందుకు జీపెక్కించారు. తోటమాలి భార్య మాను మీద కూలబడింది. వదిన పక్కన కూర్చుని ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. జీపు చప్పుడు వినపడకుండా పోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

"అక్కా," అంది చివరికి ఆమె. "మగాళ్ళ జైలు ఊరికి ఈ చివర, ఆడాళ్ళది ఆ చివరట. చూడనిచ్చే వేళ రెంటికీ ఒకటేనట." గడ్డి కేసి చూస్తూ అడిగింది. "రేపు క్యారియర్ ఎవరికి పట్టుకెళ్ళను?"

వదిన అలవాటు కొద్దీ మరిది వంక చూసింది. అతను అటు తిరిగి నిలబడి ఉన్నాడు.